వెనక గది టీవీ

బందరు చిలకలపూడిలో సీమోను ఇల్లెక్కడని అడిగితే, ఏ సీమోనని ఎదురు అడుగుతారు. ఆ పేటలో సీమోన్లు అంతమంది. యాంటెన్నా సీమోనంటే మాత్రం కిళ్ళీకొట్టువాడు తలెత్తకుండానే వేలు చూపిస్తాడు. ఊళ్ళో యాంటెన్నాలు పోయి ఇరవై ఏళ్ళు దాటింది. డాబాల మీద గొట్టాలు పాతసామాన్లవాడి బండెక్కిపోయాయి. పేరొక్కటే మిగిలింది.

సీమోనుది దివిసీమలో అవనిగడ్డకి అవతల చిన్న పల్లె. పదో తరగతి లెక్కల్లో పోయాక పొలం పనికి వెళ్ళడం ఇష్టంలేక బందరు వచ్చి శోభనాద్రిగారి రేడియో షాపులో చేరాడు. మొదటి ఏడాది ఊడ్చాడు. రెండో ఏడాది గొట్టం పట్టుకున్నాడు. మూడో ఏడాదికి ఇరవై అడుగుల గొట్టం చివర అల్యూమినియం యాంటెన్నా కట్టి, ఒక్కడే నిలబెట్టి, ఎటు తిప్పితే బొమ్మ నిలబడుతుందో గాలి చూసి చెప్పేవాడయ్యాడు. ఆ రోజుల్లో బందరుకి సముద్రం మీదనుంచి కాస్త గట్టిగాలి వస్తే చాలు, ఊళ్ళో సగం యాంటెన్నాలు కొబ్బరిమట్టల్లా తలలు వాల్చేవి. "తుఫాను వచ్చిందంటే ఊరంతా ఏడుస్తుంది, మన షాపొక్కటే నవ్వుతుందిరా సీమోనూ" అనేవాడు శోభనాద్రి. గుడివాడ నుంచి, పెడన నుంచి కబుర్లొచ్చేవి. సీమోను డాబా దిగేసరికి కాఫీ గ్లాసు ఎదురొచ్చేది. ఆ గ్లాసు వంటింటి గూట్లోది కాదని, పెరట్లో విడిగా బోర్లించి ఉంచేదని అతనికి తెలుసు. తెలిసే తాగేవాడు.

ఈ పనిలో ఒక్కడివల్ల కానిది ఒకటుంది. పైనున్నవాడికి బొమ్మ కనపడదు. కింద టీవీ ముందు నిలబడ్డవాళ్ళ గొంతే వాడికి కళ్ళు. చాలామంది ఆ పని సరిగ్గా చెయ్యలేరు. బొమ్మ వచ్చాక వచ్చిందని చెప్పేలోపు పైవాడు ఇంకాస్త తిప్పేస్తాడు. సీమోను కూతురు దీవెన ఆరేళ్ళప్పటినుంచే ఆ విద్యలో ఆరితేరింది. ఆదివారం ప్రార్థన అవగానే తండ్రి సైకిలు వెనక ఎక్కేది. ఎవరింట్లోనో టీవీ ముందు నిలబడి, గుమ్మంలోంచి మెడ బయటపెట్టి, "ఇంకాస్త నాన్నా... ఇంకాస్త... చుక్కలు తగ్గుతున్నాయి... ఆగు!" అని అరిచేది. ఆ "ఆగు" అనే మాట మీద గొట్టం బిగించేస్తే మళ్ళీ ముట్టుకోవలసిన పని ఉండేది కాదు. రానిది వచ్చిందని, వచ్చింది రాలేదని ఆ పిల్ల నోట ఏనాడూ రాలేదు.

ఆ పిల్లే డిగ్రీ అయ్యాక గిలకలదిండి హార్బర్లో ఒక ఐసు ఫ్యాక్టరీలో బిల్లులు రాసే పనికి చేరింది. బోటుకి ఐసు ఎక్కించుకోడానికొచ్చే హరిబాబు, బిల్లు తప్పుందంటూ రోజూ ఆమె కిటికీ దగ్గరే నిలబడేవాడు. బిల్లు ఏ రోజూ తప్పు లేదు. ఇద్దరూ గుడివాడలో స్నేహితుల సాయంతో రిజిస్టరు పెళ్ళి చేసుకున్నారు. హరిబాబు తండ్రి నాంచారయ్య రెండు బోట్ల ఆసామి, హార్బర్లో మాట చెల్లేవాడు. ఒక్కగానొక్క కొడుకు, పైగా బోటు నడపగల కొడుకు. ఆరు నెలలు గుమ్మం తొక్కనివ్వలేదు. ఆ తరవాత బోటు మీద జీతగాడు రెండుసార్లు మోసం చేసేసరికి కొడుకునీ కోడల్నీ ఇంటికి రమ్మన్నాడు. కోడలు వచ్చింది గానీ కోడలి తరపు చుట్టరికం రాలేదు. చర్చి సందులోవాళ్ళతో మనకి వియ్యమేమిటన్నాడు నాంచారయ్య. రెండేళ్ళుగా సీమోనుకి కూతురు ఫోనులో వినపడటమే.

కార్తీకం వెళ్ళిన వారానికి హరిబాబు ఫోన్ చేశాడు.

"మావయ్యగారూ, ఒకసారి మా ఇంటికి రాగలరా?"

సీమోను మంచం మీంచి లేచి నిలబడ్డాడు. ఫోనులో మాట్లాడేవాడికి అది కనపడదని కూడా తోచలేదు.

"వెనక గదిలో టీవీ సరిగ్గా రావట్లేదు. ముగ్గురు మెకానిక్కులు చూశారు. మిమ్మల్ని పిలవమని నాన్నే అన్నాడు. నేను రేపు వేటకి వెళ్తున్నా, నేనుండను. మీరు మాత్రం రండి."

ఈ మాట చెప్పగానే సీమోను భార్య రూతమ్మ చేస్తున్న పని వదిలేసి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నాన్నే అన్నాడన్నాడా? సరిగ్గా విన్నావా?"

"విన్నానే."

"ఏమని అన్నాడంట? మావాడి మావగారిని పిలవమన్నాడా, మెకానిక్కుని పిలవమన్నాడా?"

"ఆ సంగతి నేనెలా అడుగుతానే?"

"అడగవలసింది అదే గదా!"

అడగకపోయినా ఇద్దరూ దాన్ని మంచివైపుకే తిప్పుకున్నారు. బందరులో టీవీ బాగుచేసేవాళ్ళకి కరువా? ఇన్నాళ్ళ బిగువు ఒక్కసారి ఎలా వదులుతారు, ఏదో ఒక వంక కావాలి గదా, ఆ వంక టీవీ అయింది అనుకున్నారు. ఈ ప్రాంతంలో వియ్యంకులు ఒకర్నొకరు బావగారూ అని పిలుచుకుంటారు. వియ్యపురాలు అన్నయ్యగారూ అంటుంది. సీమోను పేటలో కూతుళ్ళున్న ప్రతివాడికీ ఆ పిలుపు ఉంది. రిక్షా తొక్కే డేనియల్ని కూడా తెనాలినుంచి వియ్యంకుడొచ్చి "ఏం బావగారూ, నల్లబడ్డారు" అని నడివీధిలో పలకరించాడు. సీమోనుకి కావలసింది ఆ ఒక్క పిలుపు. నాంచారయ్య నోటినుంచి అదొక్కసారి వస్తే ఆ ఇంట్లో దీవెన కూడా మనిషౌతుందని అతని నమ్మకం.

మర్నాడు పొద్దున్నే ఆదివారం చొక్కా తీసి వేసుకున్నాడు. దాని మీద పనిసంచి తగిలించుకుని అద్దంలో చూసుకుంటే పెళ్ళికొడుకు మూట మోస్తున్నట్టుంది. రూతమ్మ లడ్డూల పొట్లం చేతికిచ్చింది. "కూతురింటికి మొదటిసారి వెళ్తూ ఉత్తి స్క్రూడ్రైవరు పట్టుకెళ్తావా?"

నాంచారయ్య ఇల్లు హార్బరు రోడ్డుకి కాస్త లోపలికి ఉంది. కొత్తగా డాబా వేసి ముందుభాగమంతా రాళ్ళు పరిచారు. అరుగు మీద వల పరుచుకుని చిరుగులు చూసుకుంటున్నాడు నాంచారయ్య. సీమోను దిగిన ఆటో డ్రైవరుని చూసి, "ఏం బావా, ఈమధ్య కనపట్టంలేదు, మా చెల్లెలు బయటికి రానివ్వట్లేదా?" అని నవ్వాడు. ఆటోవాడూ నవ్వాడు. నాంచారయ్య ఆ నవ్వు మొహం మీద ఉండగానే సీమోను వైపు తిరిగాడు.

"వచ్చావా సీమోనూ. చెప్పులక్కడ విడువు. సందులోంచి వెనక్కి వెళ్ళు, ఆడవాళ్ళు చూపిస్తారు."

సందు వారనుంచి పెరట్లోకి వెళ్ళాడు. పెరటి చివర ఒక రేకుల గది. వెనక గదంటే ఇంటి వెనకభాగం అనుకున్నాడు సీమోను. ఇల్లు అక్కడికి అయిపోయింది, ఇది దాని వెనకాలది. పక్కనే ఎండుచేపల బస్తాలు, పాత వలలు. గది ముందు దీవెన, ఆమె పక్కన సత్యవతి. సత్యవతి నాంచారయ్య భార్య. సన్నగా, పొడుగ్గా, కొంగు నడుముకి చుట్టి, ఎప్పుడూ ఏదో లెక్క మర్చిపోయినదానిలా కళ్ళు చికిలించి చూస్తుంది.

"బాగున్నావామ్మా?"

"బాగున్నా నాన్నా."

దీవెన చిక్కింది. తండ్రి చేతిలో పొట్లం అందుకుని అత్తగారికి ఇవ్వబోయింది. "ఎందుకివన్నీ" అంది సత్యవతి, సీమోనుతో కాదు, పొట్లంతో. "నీ గదిలోనే పెట్టుకో అమ్మాయ్. మా ఇంట్లో తీపి తినేవాళ్ళెవరు?"

టీ వచ్చింది. కాయితం గ్లాసులో వచ్చింది. సత్యవతి స్టీలు గ్లాసులో తాగింది. కాలం మారింది, ఇప్పుడు పెరట్లో విడిగా బోర్లించి ఉంచక్కర్లేదు, తాగి అవతల పారేస్తే చాలు అనుకున్నాడు సీమోను. టీ మాత్రం బాగుంది.

ఇక పని. డాబా మీద ఒకటే డిష్షు. దాన్నుంచి దిగిన వైరు ఒక చిన్న డబ్బా దగ్గర రెండుగా చీలి, ఒకటి హాల్లో పెద్ద టీవీకి, రెండోది పెరడు దాటి ఈ గదికి వస్తోంది. హాల్లో బొమ్మ నిక్షేపంలా ఉంది. ఇక్కడ మాత్రం గళ్ళుగళ్ళుగా విరుగుతోంది, మనిషి మొహం సగంలో ఆగిపోతోంది, మాట ముక్కలౌతోంది. కాసేపటికి నీలంతెర మీద సిగ్నల్ లేదని రాస్తోంది.

"ఎన్నాళ్ళనుంచి?"

సత్యవతే చెప్పింది. "రెండు నెల్లు. మొదటివాడొచ్చి బాక్సు మార్చాడు. నాలుగు రోజులు బాగుంది, మళ్ళీ మొదటికొచ్చింది. రెండోవాడు వైరే మార్చేశాడు. వారం బాగుంది. మూడోవాడు పైన గొడుగు తిప్పి మా హాల్లోది కూడా చెడగొట్టబోయాడు, మా ఆయన నాలుగు తిట్టి పంపాడు. దయ్యం పట్టిన టీవీ అయింది."

సీమోను పద్ధతి ప్రకారం వెళ్ళాడు. ముందు ఈ బాక్సుని హాల్లో మంచి వైరుకి పెట్టి చూడాలి. బాక్సు దీవెనే తీసుకెళ్ళింది, అతను హాలు గుమ్మం బయట నిలబడి చెప్పినట్టు తగిలించింది. చక్కగా వచ్చింది. బాక్సు మంచిదే. అయితే జబ్బు వైరులో ఉంది. నిచ్చెనెక్కాడు.

డిష్షు మేకులు ఉప్పుగాలికి తుప్పుపట్టి ఎర్రగా కారాయి గానీ కదల్లేదు. సిగ్నల్ మీటరు తగిలిస్తే కుయ్యిమని కూసింది. చీలికడబ్బా దగ్గరా బాగానే ఉంది. అక్కణ్ణించి రెండోవైరు పిట్టగోడ వెంబడి వెళ్తోంది. దాని మధ్యలో కనపడిందొక అతుకు. చూసి సీమోను నోరు తెరిచాడు. ముప్పైఐదేళ్ళలో అలాంటి అతుకు చూడలేదు. రెండు కొసల్నీ తాడు కొసల్లా ముడేసి, పైన నైలాను దారంతో పదిచుట్లు చుట్టి, దారం చివర బీడీతో కాల్చి అంటించారు.

ఈలోపు నాంచారయ్య కూడా పైకొచ్చాడు. "ఏంటలా చూస్తున్నావ్? నేనేసిన ముడే అది. రెండోవాడు తెచ్చిన వైరు మూరెడు తక్కువైతే కలిపాను."

"తాడనుకున్నారా ఏంటండీ?"

"తాడైతే ఏంటి, వైరైతే ఏంటి? నా ముడి సముద్రంలో టన్ను చేపని లాగినా ఊడదు."

"ఊడదండీ. మీ ముడి ఊడదు గానీ సిగ్నలు ఊడిపోతుంది. లోపలి రాగితీగకి పైన చుట్టిన సన్నతీగల జల్లెడ తగలకూడదు. మీరు రెంటికీ పెళ్ళి కుదిర్చారు, ఇవాళ కాకపోతే రేపు తగులుతాయి."

నాంచారయ్య పకపకా నవ్వాడు. నవ్వాక కాస్త మెత్తబడ్డాడు. పిట్టగోడ మీద కూర్చుని బీడీ తీశాడు. "మాటకారివే. ఆ తరవాత ఇద్దరూ నాకు భయపడి ముడి ఊసెత్తలేదు. చూడు సీమోనూ, నాకు పంతం ఎక్కువ. ఇంతమంది చేతుల్లో ఓడిపోయింది ఈ టీవీ. నువ్వు గానీ దీన్ని బాగుచేశావంటే, హార్బర్లో వేలంపాట దగ్గర నిలబడి, నలుగురి ముందూ మా బావగారని చెప్పుకుంటానయ్యా. ఒట్టు."

హాస్యానికే అన్నాడు. అయినా అన్నాడు. సీమోను చేతిలో కట్టరు ఒక్క క్షణం ఆగింది. ఆ మాట అతను వినాలనుకున్నట్టు రాలేదు, పందెంలా వచ్చింది. ఎలా వస్తేనేం. ఇంతలో బోటు నుంచి ఫోనొచ్చి నాంచారయ్య దిగిపోయాడు.

సీమోను ముడి కోసేసి, రెండు కొసలకీ కనెక్టర్లు బిగించి, అతుకు శుభ్రంగా వేశాడు. కిందికి కేకేశాడు. "ఎలా ఉందమ్మా?"

"కొంచెం నయం. మళ్ళీ విరుగుతోంది నాన్నా."

అంటే ముడి ఒక్కటే కాదు. మిగిలిన వైరుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని మెల్లగా జరుపుకుంటూ వెళ్ళాడు. ఇది అతనికి కేబుల్ యుద్ధాల రోజుల్లో అబ్బిన విద్య. అప్పుడు ఒక ఆపరేటరు మనుషులు ఇంకో ఆపరేటరు వైరులో గుండుసూది గుచ్చేవాళ్ళు. సూది తల కత్తిరించేస్తే చర్మం కింద ముల్లులా లోపల దాక్కుంటుంది, కంటికి కనపడదు. ఊళ్ళో అలాంటివి వేళ్ళతో పట్టినవాడు సీమోనొక్కడే. ఇంటికెళ్ళి ఆ కథలు కూతురికి చెప్పి నవ్వించేవాడు.

పెరటివైపు పిట్టగోడ చివర, వైరు గోడ వదిలి గాల్లోకి దిగేచోట, వేలికి తగిలింది.

గోరుతో గీకి, ముక్కుపటకారుతో పట్టి లాగాడు. అంగుళంలో సగం సూది. తల లేదు. లోపలి రాగితీగని అంటీ అంటకుండా గుచ్చారు. గాలికి వైరు ఊగినప్పుడల్లా అంటుకుంటుంది. గుచ్చినవాళ్ళకి పని తెలుసు. ఈ ఇంటి మీద ఇంత పగ ఎవరికుందా అనుకుంటూనే సీమోనుకి ఒళ్ళంతా సంతోషం పొంగింది. పట్టాడు! నలుగురి ముందూ, వేలంపాట దగ్గర!

"ఇప్పుడు చూడమ్మా! వచ్చిందా?"

"రాలేదు నాన్నా!"

మీటరు తగిలించాడు. కుయ్యిమంది. "ఇప్పుడో?"

"రాలేదు!"

ఇదేమిటని పిట్టగోడ మీంచి వంగి చూశాడు. రేకుల గది తలుపు తెరిచే ఉంది. సత్యవతి ఇంట్లోకి వెళ్ళినట్టుంది, గుమ్మంలో దీవెన ఒక్కతే నిలబడి ఉంది, మెడ బయటపెట్టి, మొహం పైకెత్తి, చిన్నప్పుడు నిలబడ్డట్టే. ఆమె వెనక చీకటిగదిలో టీవీ వెలుగుతోంది. సీరియల్లో ఎవరో ఆడమనిషి ఏడుస్తోంది. చెంప మీద జారే కన్నీటిబొట్టు కూడా డాబా మీదికి తెలుస్తోంది. ఎక్కడా చిన్న గడి విరగలేదు.

"రాలేదు నాన్నా" అంది దీవెన అతని కళ్ళలోకి చూస్తూ. లోపలికెళ్ళి టీవీ ఆపేసి, ఎండుచేపల చాట చంకనబెట్టుకుని నిచ్చెనెక్కి వచ్చింది.

పైకొచ్చాక చాట కింద పెట్టి చేపల్ని ఒక్కొక్కటే పరవడం మొదలుపెట్టింది. సీమోను అరచెయ్యి చాపి సూది చూపించాడు.

"నువ్వేనా?"

"తల కత్తిరించకపోతే దొరికిపోతామని నువ్వే చెప్పావు గదా."

"మూడుసార్లూనా?"

"వైరు మార్చినప్పుడు మళ్ళీ గుచ్చాను. మిగతా రెండుసార్లూ, వాళ్ళు చూసి వెళ్ళేదాకా తీసి, మళ్ళీ పెట్టాను. ఈసారి తియ్యడానికి కుదర్లేదు. పొద్దున్నించీ అత్తయ్య పక్కనే ఉంది."

సీమోనుకి ఇంకో ప్రశ్న మిగిలింది. అడగకుండా ఉంటే బాగుండేది. "నన్ను పిలిపించడానికా తల్లీ?"

అవుననేసి ఉండచ్చు. ఆ ఒక్క అబద్ధం చెప్పినా ఖర్చేమీ లేదు. దీవెన తలొంచుకుని చేప తోక సరిచేసింది.

"కాదు నాన్నా. నిన్ను పిలుస్తారని నాకు తెలీదు."

తరవాత మెల్లగా చెప్పింది. మొదట్లో సాయంత్రాలు ఆమె కూడా హాల్లో కూర్చుని టీవీ చూసేది. ఇంటికి చుట్టాలొస్తారు, హార్బరు పెద్దలొస్తారు. ఈ పిల్ల ఎవరని ఒకరిద్దరు అడిగారు. నాలుగు రోజులకి నాంచారయ్య కొత్త టీవీ కొనుక్కొచ్చి కొడుకూ కోడలూ పడుకునే రేకుల గదిలో పెట్టించాడు. "నీకు మొహమాటం లేకుండా నీ టీవీ నీకు" అన్నాడు. కోడలికి విడిగా టీవీ కొనిచ్చిన మావగారని వీధంతా మెచ్చుకున్నారు. ఆ రోజునుంచి దీవెన హాల్లోకి వెళ్ళవలసిన పని లేకుండా పోయింది. అన్నం కూడా గదికే పంపుతున్నారు. హరిబాబు వేటకెళ్తే పదేసి రోజులు మాట్లాడే మనిషుండదు. అతనుంటే మాత్రం ఏమంటాడు, టీవీ ఉంది గదా అంటాడు.

"ఇది రాకపోతే అక్కడికి వెళ్ళచ్చు నాన్నా. టీవీ రావట్లేదత్తయ్యా అంటే కూర్చోమంటుంది. కిందే కూర్చుంటాలే. పోయినవారం సీరియల్లో ఆ అత్త మంచిదంటావా, నటిస్తోందంటావా అని అడిగింది నన్ను. రెండేళ్ళలో పని గురించి కాకుండా ఆవిడ నన్నడిగిన మాట అదొక్కటే."

"నువ్వేం చెప్పావు?"

"మంచిదేనన్నాను." దీవెన నవ్వబోయి ఊరుకుంది. "నువ్వు బాగుచేస్తే నేను మళ్ళీ ఇక్కడే నాన్నా."

సీమోను ఆమె పరిచిన చేపల్ని చూశాడు. నాంచారయ్య వేసిన ఒట్టు గురించి ఆమెకి చెప్పాలనిపించింది. "మీ మావగారు నన్ను..." అని ఆగిపోయాడు. చెప్తే, ఈ పిల్ల సరే తీసెయ్యి నాన్నా అంటుంది. అనే రకమే. అందుకని చెప్పలేదు.

సూదిని పాత రంధ్రంలోనే పెట్టి బొటనవేలితో నొక్కాడు. సులువుగా దిగింది. మీటరు మూగబోయింది.

కిందికి దిగేసరికి నాంచారయ్య, సత్యవతి పెరట్లోనే నిలబడి ఉన్నారు. నాంచారయ్య మొహంలో నిజంగానే ఆశ ఉంది. అది చూసి సీమోనుకి మరీ కష్టమైంది.

"నావల్ల కాలేదండీ."

"కాలేదా? నువ్వు కూడా?"

"ఎక్కడుందో దొరకట్లేదు. వయసు మీద పడింది, చూపు ఆనట్లేదు."

"మరి నా ముడిని వెక్కిరించావే! పెళ్ళన్నావ్, జల్లెడన్నావ్! కోసిపారేసి ఏం సాధించావ్?" నాంచారయ్య గొంతు లేచింది. పక్కింటివాళ్ళు గోడమీంచి చూశారు. "యాంటెన్నా సీమోను, యాంటెన్నా సీమోను అంటే ఏదో అనుకున్నాం. పేరుకేంలే, పాత డబ్బాకి కొత్త చీటీ అంటించినట్టు. ఆ కుర్రకుంకలే నయం, నాలుగు రోజులైనా రప్పించారు."

"ఊరుకోండి, పెద్దాయన" అంది సత్యవతి. ఆ మాట దయగానే అంది. "ఆటో ఖర్చులన్నా ఇవ్వండి."

"వద్దమ్మా. పని కానప్పుడు తీసుకోను" అన్నాడు సీమోను. సంచి తగిలించుకుని సందులోంచి నడిచాడు. వెనక్కి చూడలేదు. చూస్తే దీవెన మొహం ఏదైనా చెప్పేస్తుందేమోనని భయం.

ఇంట్లో రూతమ్మ గుమ్మంలోనే పట్టుకుంది. "ఏమన్నారు? ఎలా చూశారు?"

"బాగానే చూశారు. టీ ఇచ్చారు."

"లడ్డూలు తిన్నారా?"

"తిన్నారు."

"బావగారన్నాడా మరి?"

"బోటు పనిలో ఉన్నాడే. ఆ హడావిడిలో ఎవరేమంటారు?"

హార్బర్లో మాట చేపకంటే తొందరగా అమ్ముడవుతుంది. వారం తిరక్కుండానే సీమోను చూపు పోయిందట, వేళ్ళు వణుకుతున్నాయట అని పాకింది. ఐసు ఫ్యాక్టరీలో టీవీ ఏళ్ళ తరబడి అతనే చూసేవాడు, ఈసారి ఇంకొకర్ని పిలిచారు. పెడనలో అద్దకం షెడ్డు యజమాని ప్రసాదు రమ్మని చెప్పి, మళ్ళీ తనే ఫోన్ చేసి, "ఇప్పుడొద్దులే సీమోనుగారూ, చూద్దాం" అన్నాడు. సీమోను ఎవరితోనూ వాదించలేదు. సాయంత్రం ఏడున్నర అయ్యేసరికి మాత్రం, ఈపాటికి దీవెన హాల్లో కూర్చుని ఉంటుందని తల్చుకునేవాడు. దానికి అంత ఖర్చయింది, కానియ్యి అనుకునేవాడు.

అలా పద్దెనిమిది రోజులు గడిచాయి. పంతొమ్మిదో రోజు ఉండబట్టలేక అతనే ఫోన్ చేశాడు.

"ఎలా ఉన్నావమ్మా?"

"బాగున్నా నాన్నా." వెనక టీవీ మోగుతోంది. మాటలు తేటగా, ముక్కలవకుండా వినపడుతున్నాయి.

"హాల్లో ఉన్నావా?"

దీవెన టీవీ గొంతు తగ్గించింది. "నీకు చెప్దామనే అనుకుంటున్నా. నువ్వొచ్చి వెళ్ళిన నాలుగోరోజునే ఇంటర్నెట్ పెట్టించారు. ఎవరో అబ్బాయొచ్చాడు, అరగంట కూడా పట్టలేదు. హాల్లో ఏదో పెట్టె పెట్టాడు. నా గదికి వైరే అక్కర్లేదన్నాడు. గాల్లోనే వస్తుందట. పాత వైరు మావయ్యగారు చుట్టచుట్టి బోటు మీదికి పంపేశారు, దేనికన్నా కట్టుకోడానికి పనికొస్తుందని."

"బొమ్మెలా ఉంది?"

"అద్దంలా ఉంది నాన్నా."

ఆ ఇంట్లో సీమోనుకి తెలిసిన విద్య, ఆ విద్యలోంచి కూతురు నేర్చుకున్న విద్య, రెండూ ఒక్క అరగంటలో చెల్లకుండా పోయాయి. కూతురు హాల్లో కూర్చున్న ఆ నాలుగు రోజుల కోసం అతను పేరు పారేసుకున్నాడు. అది తెలిసినది ఈ ఫోనులో ఉన్న పిల్ల ఒక్కతే.

"వాళ్ళు నామీద ఇంకా కోపంగా ఉన్నారా?"

"నీ పేరెత్తితే మావయ్యగారు... వదిలెయ్ నాన్నా."

ఇంతలో అటువైపు పెరట్లోంచి సత్యవతి గొంతు వినపడింది. "ఇంతసేపు ఎవరమ్మాయ్ ఫోనులో?"

దీవెన గొంతు ఫోనుకి కాస్త దూరమైంది.

"టీవీ మెకానిక్ అత్తయ్యా" అంది. "బాగుపడిందా అని అడుగుతున్నాడు."

"బాగుపడిందని చెప్పి పెట్టెయ్. ఎంతసేపు చెప్తావ్?"

"బాగుపడిందండీ" అంది దీవెన ఫోనులోకి.

సీమోను గొంతు సవరించుకున్నాడు. రూతమ్మ వంటింట్లోంచి, "అమ్మాయేనా? నాకివ్వు, నాకివ్వు" అంటూ తడిచేతులు తుడుచుకుంటూ వస్తోంది. ఆమెను చేత్తో ఆపి, ముప్పైఐదేళ్ళుగా ఇళ్ళ గుమ్మాల్లో నిలబడి మాట్లాడిన గొంతుతో, అటుపక్కన నిలబడ్డవాళ్ళకి కూడా వినపడేటంత గట్టిగా అన్నాడు.

"మంచిదమ్మా. మళ్ళీ ఏమన్నా తేడా వస్తే ఫోన్ చేయండి."